డయాబ్లో పుట్టింది అమెరికాలో, పోయింది మన వైజాగ్‌లో

మా ఇంట్లో ఏటా డిసెంబర్ మొదటి వారంలో ఒక కథ రీ-రిలీజ్ అవుతుంది. కథ, స్క్రీన్‌ప్లే, సౌండ్ ఎఫెక్ట్స్ అన్నీ మా చిన్న తాతయ్యవే. అంటే మా తాతయ్య తమ్ముడన్నమాట. రామచంద్రపురంలో కాలవ గట్టుకి దగ్గర్లో ఉంటారు. వయసు 77. చెవులు కాస్త మందగించాయి గానీ ఈ కథలో శబ్దాలు మాత్రం ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తాయట.

"1971. డిసెంబర్ 3 రాత్రిరా అబ్బాయ్. వైజాగ్ వన్‌టౌన్‌లో మేడ మీద గది మాది. షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమస్తా పని. ఊరంతా చీకటి. దీపం వెలిగిస్తే పోలీసోడు కిందనుంచి అరిచేవోడు. పన్నెండు దాటేక, ఢామ్మని ఒకటే శబ్దం! కిటికీ రెక్కలు దడదడలాడిపోయేయి. భూకంపం అనుకుని కిందకి పరిగెట్టేం. తెల్లారేక కదా తెలిసింది, గాజీని మనోళ్ళు లేపేసేరని!"

ఇక్కడ మంచం పట్టీ మీద గట్టిగా ఒక చరుపు. కథ సమాప్తం. చిన్నప్పట్నుంచీ ఆ చరుపు కోసమే ఎదురుచూసేవాళ్ళం.

ఈసారి కార్తీక సోమవారానికి ఊరెళ్ళాను. ద్రాక్షారామం నుంచి వచ్చి, భోజనాలయ్యాక ఆయన పక్కన కూర్చున్నాను. కథ ఒక నెల ముందే మొదలైంది. పూర్తయ్యాక, సాఫ్ట్‌వేర్‌వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, అడిగేశాను. "తాతయ్యా, మనవాళ్ళే లేపేశారని ఎలా తెలుసు?"

ఆయన నా వైపు చూసిన చూపు, పెళ్ళిలో వంటవాణ్ణి ఉప్పు వేశావా అని అడిగితే చూసే చూపు.

"ఎలా తెలుసేంట్రా? తెలుసంతే!"

ఆ "తెలుసంతే" నన్ను వదల్లేదు. బెంగళూరు వచ్చాక కూడా వదల్లేదు. ఎందుకు వదల్లేదో చివర్లో చెప్తాను. ముందు గాజీ సంగతి. మనలో చాలామందికి గాజీ అంటే 2017 లో వచ్చిన రానా సినిమా. బావుంటుంది, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ అందులో మన సబ్‌మెరైన్ ఒకటి నీళ్ళలో గాజీతో పోరాడి ముంచేస్తుంది చూడండి, అది సినిమా కోసం అల్లుకున్న కథ. అసలు ఓడ కథ వేరే. నాకైతే అదే ఇంకా బాగా నచ్చింది.

దెయ్యం అని పేరు పెట్టారు

గాజీ పాకిస్తాన్‌లో పుట్టలేదు. అమెరికాలో, పోర్ట్స్‌మత్ నేవీ యార్డులో పుట్టింది. అక్కడ పెట్టిన పేరు డయాబ్లో. స్పానిష్‌లో దెయ్యం అని అర్థం.

1944 ఆగస్టు 11 న పని మొదలెట్టారు. డిసెంబర్ 1 న నీళ్ళలోకి తోశారు. అంటే నాలుగు నెలలు కూడా పట్టలేదు. 95 మీటర్ల పొడవున్న సబ్‌మెరైన్ అది! మా వీధిలో అపార్టుమెంటుకి పిల్లర్లు లేవడానికే ఏడాది పట్టింది. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది కాబట్టి ఆ యార్డుకి రాత్రీ పగలూ తేడా లేదు. 1944 ఒక్క ఏడాదిలోనే 32 సబ్‌మెరైన్లు కట్టి అవతల పడేశారు.

టెంచ్ క్లాస్ అంటారు దీన్ని. ముందు 6, వెనక 4, మొత్తం 10 టార్పిడో గొట్టాలు. ఒకసారి డీజిల్ నింపితే నీటి మీద దాదాపు 20,000 కిలోమీటర్లు వెళ్ళగలదు. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి. గాజీని మన తీరానికి లాక్కొచ్చింది ఇదే.

1945 మార్చి 31 న డయాబ్లో డ్యూటీలో చేరింది. ఆగస్టు 10 న హవాయిలో ఉన్న పెర్ల్ హార్బర్ నుంచి మొదటి యుద్ధ యాత్రకి బయల్దేరింది. ఆగస్టు 15 న జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించింది. అంతే, యుద్ధం అయిపోయింది. ఉద్యోగంలో చేరిన వారానికే ప్రాజెక్ట్ క్లోజ్ అయినట్టు. ఒక్క టార్పిడో కూడా శత్రువు మీద వెయ్యకుండా దెయ్యం వెనక్కి తిరిగింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు అట్లాంటిక్ వైపు శిక్షణలూ విన్యాసాలూ చేస్తూ గడిపింది.

అద్దె ఓడ

1964 లో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కి లీజుకిచ్చింది. అవును, లీజే. పేరు గాజీగా మార్చారు. మతం కోసం యుద్ధం చేసేవాడు అని అర్థం. దెయ్యం కాస్తా యోధుడైంది, ఇనుము మాత్రం అదే.

అప్పటికి మన దగ్గర ఒక్క సబ్‌మెరైన్ కూడా లేదు. మన మొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబర్ 8 న గానీ రాలేదు. అంటే 1965 యుద్ధంలో మొత్తం ఈ చుట్టుపక్కల దేశాల్లో ఉన్న ఒకే ఒక్క సబ్‌మెరైన్ గాజీ. అది బొంబాయి వైపు సముద్రంలో కాపు కాసింది. మన యుద్ధనౌక బ్రహ్మపుత్రని కొట్టామని అటువైపు చెప్పుకున్నారు కూడా. బ్రహ్మపుత్రకి గీత పడలేదు. తర్వాత ఏళ్ళ తరబడి సముద్రంలో తిరిగింది.

నీళ్ళ కింద యుద్ధంలో ఇదొక చిక్కు. శబ్దం వినిపిస్తుంది, ఏం జరిగిందో కనిపించదు. శబ్దం వినగానే ఎవరికి కావాల్సిన కథ వాళ్ళు రాసుకుంటారు.

ఆ యుద్ధం తర్వాత అమెరికా రెండు దేశాలకీ ఆయుధాలు ఆపేసింది. గాజీకి రిపేర్లు కావాలి. ఎక్కడ చేయించాలి? టర్కీలో. 1967 లో ఇజ్రాయెల్-అరబ్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడి ఉంది. దాంతో ఆ ముసలి సబ్‌మెరైన్ ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి టర్కీకి వెళ్ళింది. పని చేయించుకుని 1970 లో కరాచీ చేరింది. సముద్రంలో మందుపాతరలు, అంటే మైన్లు, వేసే ఏర్పాటు అక్కడే చేయించారంటారు.

ముగ్గురు పాతకాపులు

1971 కి వద్దాం. తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, మండిపోతోంది. యుద్ధం వస్తే బంగాళాఖాతం మన చేతిలో ఉండాలంటే మన దగ్గరున్న పెద్ద ఆయుధం ఐఎన్ఎస్ విక్రాంత్. విమానాలు ఎగిరే ఓడ. దాన్ని ముంచితే కథ మారిపోతుంది. పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్స్ నుంచి కొన్న కొత్త సబ్‌మెరైన్లు మూడున్నాయి గానీ, కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చి రోజుల తరబడి కాపు కాసే ఓపిక వాటికి లేదు. ఆ ఓపిక ఉన్నది 27 ఏళ్ళ ఈ అమెరికన్ ముసలిదానికే. అదే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న 20,000 కిలోమీటర్లు.

నవంబర్ 14 న గాజీ కరాచీ వదిలింది. కెప్టెన్ పేరు జఫర్ మహమ్మద్ ఖాన్. లోపల 90 మందికి పైగా మనుషులు.

ఇటు వైజాగ్‌లో తూర్పు నౌకాదళం పెద్ద వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయనకి ఒక ఇబ్బందుంది. విక్రాంత్ బాయిలర్‌లో పగులు. పూర్తి వేగంతో పరిగెత్తలేదు. సబ్‌మెరైన్ ఎదురైతే తప్పించుకోవడం కష్టం. అందుకని ఏం చేశారు? విక్రాంత్‌ని చడీచప్పుడు లేకుండా అండమాన్‌కి పంపేశారు. వైజాగ్‌లో మాత్రం విక్రాంత్ ఇక్కడే ఉన్నట్టు నాటకం మొదలెట్టారు.

ఈ నాటకం గురించి కృష్ణన్ తన పుస్తకంలో రాసుకున్నారు. ఊళ్ళో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్ పెట్టించారట. అన్ని వేలమందికి భోజనాలంటే పెద్ద ఓడే రేవులో ఉందని ఎవడైనా అనుకుంటాడు. ఇంకోపక్క, విక్రాంత్‌లో ఉన్న నావికుడు ఒకడు, ఒంట్లో బాగోలేని తన తల్లి ఎలా ఉందో అడుగుతున్నట్టు మామూలు సందేశం ఒకటి, దొంగచాటుగా వినేవాళ్ళకి దొరికేలా పంపించారట. మా చిన్న తాతయ్య ఈ మాంసం సంగతి ఒప్పుకుంటారు. "ఆ నెల్లో కూరగాయలు మండిపోయేయిరా" అని ఆయన సాక్ష్యం. ఇది చరిత్రా, మెస్ బిల్లు బాధా అన్నది నేను తేల్చలేను.

విక్రాంత్ వేషం వేసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్. సముద్రంలోకి వెళ్ళి, పెద్ద ఓడ పంపేన్ని వైర్‌లెస్ సందేశాలు పంపింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇక్కడుంది. రాజ్‌పుత్ కూడా మనం కట్టింది కాదు. స్కాట్లాండ్‌లో కట్టారు, 1942 లో నీళ్ళలోకి దింపారు. అసలు పేరు హెచ్ఎంఎస్ రోదర్‌హామ్. 1949 లో మనకొచ్చింది. విక్రాంత్ అసలు పేరు హెచ్ఎంఎస్ హెర్క్యులిస్. అది కూడా యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో మొదలెట్టి సగంలో ఆపేసిన ఓడే. మనం 1957 లో కొని, పూర్తి చేయించుకున్నాం.

అంటే ఈ కథలో వేటాడే ఓడ, ఎరగా వెళ్ళిన ఓడ, దాక్కున్న ఓడ, మూడూ ఒకప్పుడు ఒకే జట్టు. జర్మనీ, జపాన్‌ల మీద పోరాడ్డానికి అమెరికా, బ్రిటన్ కట్టుకున్నవి. పాతిక ముప్పై ఏళ్ళ తర్వాత పేర్లు మార్చుకుని, జెండాలు మార్చుకుని, మన వాల్తేరు ఒడ్డున ఒకదాని కోసం ఒకటి వెతుక్కున్నాయి.

పన్నెండు దాటాక

డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన ఎయిర్‌బేస్‌ల మీద దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. ఆ రాత్రి పన్నెండుకి కాస్త ముందు రాజ్‌పుత్ వైజాగ్ రేవు నుంచి బయల్దేరింది. కెప్టెన్ ఇందర్ సింగ్. ఛానల్ దాటాక, శత్రువు సబ్‌మెరైన్ ఇక్కడే గుమ్మం ముందు కూర్చుని ఉంటే, అని ఆయనకి అనుమానం వచ్చింది. వేగం పెంచమన్నారు. నీటి మీద ఏదో కదలిక కనిపించిందని కాపలావాళ్ళు చెప్పారు. అక్కడ రెండు డెప్త్ చార్జీలు వేయించి, ముందుకి సాగిపోయారు.

డెప్త్ చార్జ్ అంటే మందుగుండు కూరిన డ్రమ్ము. ఎంత లోతుకెళ్ళాక పేలాలో ముందే సెట్ చేస్తారు. నీళ్ళు గాలిలాగా నొక్కుకుపోవు కాబట్టి పేలుడు దెబ్బ మొత్తం ఓడ గోడకే తగుల్తుంది. తిన్నగా తగలక్కర్లేదు, దగ్గర్లో పేలినా చాలు.

కొంతసేపటికి పెద్ద పేలుడు. చిన్న తాతయ్య కిటికీ రెక్కలు దడదడలాడింది అప్పుడే. తర్వాత వేటకెళ్ళిన మత్స్యకారులకి సముద్రంలో తేలుతున్న సామాన్లు దొరికాయి. నేవీ డైవర్లు దిగి చూస్తే అడుగున గాజీ. లోపలున్నవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

మర్నాటి నుంచీ విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి ఎగిరాయి. పక్షం తిరక్కుండా బంగ్లాదేశ్ పుట్టింది.

ముగ్గురు అనుమానితులు

సరే, గాజీని ముంచిందెవరు?

మొదటి సమాధానం మన అధికారిక సమాధానం: రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు. టైము కలుస్తోంది, చోటూ కలుస్తోంది.

రెండోది పాకిస్తాన్ చెప్పేది: గాజీ రేవు ముందు మైన్లు వేస్తూ ప్రమాదానికి గురైంది. ఊరంతా బ్లాకౌట్. ఒడ్డున ఒక్క దీపం లేదు. రాత్రిపూట ఒడ్డు దీపాల్ని చూసి తానెక్కడున్నదీ కొలుచుకునే ఓడకి దారి తప్పడం సులువు. తాను వేసిన మైను మీదికి తానే వచ్చి ఉండొచ్చు.

మూడోది: లోపలే ఏదో పేలింది. గాజీ ముందు భాగం లోపల్నుంచి బయటికి విచ్చుకున్నట్టు ఉందని చూసినవాళ్ళు చెప్పిన మాట దీనికి ఆధారం. లోపల పేలేవి చాలానే ఉన్నాయి. టార్పిడోలు, మైన్లు. ఇంకొకటి, బ్యాటరీ.

ఆ కాలం సబ్‌మెరైన్ నీళ్ళ పైన డీజిల్ మీద, కింద బ్యాటరీ మీద నడుస్తుంది. ఈ రకం ఓడలో 252 లెడ్-యాసిడ్ సెల్స్ ఉంటాయి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ తెలుసు కదా, దానికి పెద్ద పెద్దన్నయ్యలు. ఛార్జింగ్ పెట్టినప్పుడు వాటిలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. మన ఫోను వేడెక్కితే పక్కన పెట్టేస్తాం. సముద్రం కింద ఇనప గొట్టంలో ఉన్నవాడు ఎక్కడ పెడతాడు?

నాలుగోది కూడా ఉంది, పై మూడింటి మిక్సింగ్. డెప్త్ చార్జీ దెబ్బ లోపలున్న మైన్లకో టార్పిడోలకో తగిలి అవి పేలి ఉండొచ్చు. అప్పుడు ముంచింది రాజ్‌పుతా, గాజీ సొంత మందుగుండా?

ఇన్నేళ్ళలో మన నేవీలో పనిచేసిన పెద్దవాళ్ళు కూడా కొందరు మొదటి సమాధానం మీద అనుమానాలు రాశారు. పోనీ రికార్డులు తీసి చూద్దామంటే, గాజీకి సంబంధించిన కాగితాలు ఎప్పుడో 1980 లోనే ధ్వంసమైపోయాయని 2010 లో వార్తలొచ్చాయి. మా భాషలో చెప్పాలంటే, లాగ్స్ డిలీట్ అయిపోయాయి.

టికెట్ క్లోజ్

ఇప్పుడు నా సంగతి.

మూడేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఒక రాత్రి పేమెంట్ల పేజీ పడిపోయింది. 11:40 కి మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు చిన్న మార్పు ఒకటి లైవ్‌లోకి పంపాడు. 11:52 కి అంతా పడిపోయింది. పన్నెండు నిమిషాలు. టైము కలిసింది, చోటు కలిసింది. అతని మార్పుని వెనక్కి తీశాం, సర్వర్లు రీస్టార్ట్ చేశాం, అన్నీ లేచాయి. ఇంకేం కావాలి?

కారణం రాసే డాక్యుమెంట్ నేనే రాశాను. అందులో పేర్లు రాయం, పద్ధతి ప్రకారం "బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టం". కానీ 11:40 మార్పు అని రాస్తే ఎవరిదో ఆఫీసంతా తెలుసు. టికెట్ క్లోజ్ అయింది. ఆ కుర్రాడు ఇంకో నాలుగు నెలలున్నాడు. మీటింగుల్లో మాట్లాడటం మానేశాడు. తర్వాత వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకి వేరే పని మీద పాత గ్రాఫులు తిప్పుతున్నాను. ఆ రాత్రి సర్వర్లో డిస్క్ సాయంత్రం ఆరింటి నుంచే నిండుతూ వచ్చింది. 11:52 కి పూర్తిగా నిండింది. కుర్రాడు ఏం పంపినా, పంపకపోయినా ఆ పేజీ పడిపోయేదే. రీస్టార్ట్ చేసినప్పుడు తాత్కాలిక ఫైళ్ళు ఖాళీ అయ్యాయి, అందుకే లేచింది.

టికెట్ రీఓపెన్ చేశానా? లేదు. అప్పటికి అతను లేడు, అడిగేవాళ్ళూ లేరు. నేను గ్రాఫ్ మూసేసి టీ తాగడానికి వెళ్ళాను.

అందుకే తాతయ్య "తెలుసంతే" అన్నప్పుడు వదల్లేదు. నాకు కూడా ఆ రోజు "తెలుసంతే".

రాజ్‌పుత్‌ని ఆ కుర్రాడితో పోలుస్తున్నానని అనుకోకండి. అక్కడ దొరికింది నింద కాదు, పేరు. ఆ రాత్రి శత్రువు సబ్‌మెరైన్ ఉందని తెలిసీ, దీపాల్లేని సముద్రంలోకి, కాలం చెల్లిపోతున్న ఓడేసుకుని ఎరగా వెళ్ళినవాళ్ళ ధైర్యం డెప్త్ చార్జీ తగిలిందా లేదా అన్నదాని మీద ఆధారపడదు. తగలకపోయినా వాళ్ళు వెళ్ళారు. విక్రాంత్ దక్కింది. నిజం ఏదైనా వాళ్ళకి పోయేదేమీ లేదు.

అటువైపు చూస్తే, గాజీలో 90 మందికి పైగా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు అడుగుతూనే ఉండి ఉంటారు, ఎలా పోయాడు అని. శత్రువు చేతిలోనా, సొంత మైను మీదా, బ్యాటరీ పొగలోనా? అదే యుద్ధంలో డిసెంబర్ 9 న మన ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలకుండా దాంతోనే మునిగిపోయారు. ఖుక్రీ వాళ్ళకి కనీసం ఏం జరిగిందో తెలుసు. చెప్పడానికి బతికినవాళ్ళు మిగిలారు. గాజీ వాళ్ళకి అదీ లేదు.

ఇప్పుడెక్కడుంది

అక్కడే ఉంది. 2024 ఫిబ్రవరిలో మన నేవీ, నీళ్ళ అడుగుకి దిగే తన రెస్క్యూ వాహనంతో గాజీ శకలాలున్న చోటుని మళ్ళీ గుర్తించింది. చూసి, ముట్టుకోకుండా వచ్చేశారు. ఎందుకంటే అది 90 మందికి పైగా మనుషుల సమాధి. నౌకాదళాల్లో అదొక పద్ధతి, శత్రువైనా సరే. అప్పట్లో గాజీ మీదికి డైవర్లని దింపిన మన రెస్క్యూ ఓడ పేరు నిస్తార్. ఆ పేరుతోనే కొత్త ఓడని మన హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టింది. 2025 జూలైలో వైజాగ్‌లోనే నేవీలో చేరింది.

మిగతావాళ్ళ సంగతి? రాజ్‌పుత్ 1970ల్లోనే తుక్కుకి వెళ్ళింది. విక్రాంత్ ముంబైలో కొన్నాళ్ళు మ్యూజియంగా ఉండి, 2014 లో అదీ తుక్కైంది. ఆ ఇనుములో కొంత బజాజ్ వి15 బైకుల్లోకి వెళ్ళింది. మీ వీధిలో ఎవరికైనా ఆ బైకుంటే గౌరవంగా చూడండి. మూడు ఓడల్లో రూపంతో మిగిలింది గాజీ ఒక్కటే. అదీ మనకి కనపడని చోట.

సబ్‌మెరైన్ లోపల ఎలా ఉంటుందో చూడాలంటే ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది. రష్యాలో పుట్టి, 1969 నుంచి 2001 దాకా మన నేవీలో పనిచేసింది. 91 మీటర్లు, అంటే ఇంచుమించు గాజీ అంతే. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు మేం గుంపుగా వెళ్ళాం. లోపల వంగి వంగి నడుస్తూ సెల్ఫీలు దిగాం. టార్పిడోల పక్కనే పడుకునే బెర్తులు చూసి జోకులేసుకున్నాం. ఈసారి వెళ్తే అక్కడ ఒక్క నిమిషం ఆగి, దీపాలు ఆరిపోయి, గోడ అవతల పేలుడు వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. అప్పుడు ఆ ఓడ మీద ఏ జెండా ఉందన్నది వెంటనే గుర్తు రాదు.

చివరికి

ఈ కాలమ్ రాయడానికి ముందు రెండు పనులు చేశాను.

ఒకటి, ఆ కుర్రాడి నంబర్ వెతికి మెసేజ్ పెట్టాను. "ఆ రోజు తప్పు నీ మార్పుది కాదు. డిస్క్ నిండింది. నాకు తర్వాత తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది, సారీ" అని. రెండు గంటలు బ్లూ టిక్కులే. తర్వాత రిప్లై వచ్చింది.

"నాకు అప్పుడే తెలుసన్నా. చెప్పినా ఎవరూ వినేలా లేరు."

ఇంకేం రాయాలో తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

రెండోది, చిన్న తాతయ్యకి ఫోన్ చేశాను. నేను చదివిందంతా చెప్పాను. మూడు అనుమానాలు, మాయమైన కాగితాలు, రాజ్‌పుత్ పాత పేరు, అన్నీ. చెవులు మందం కదా, అరిచి అరిచి చెప్పాను. ఆయన మొత్తం విన్నారు. కోప్పడతారనుకున్నాను.

"అయితే ఏదో తెలీదంటావ్."

"తెలీదు తాతయ్యా."

కాసేపు నిశ్శబ్దం. లైన్ కట్టయిందనుకున్నాను.

"ఆ శబ్దం విన్నాక కిందకి పరిగెట్టేం అన్నాను కదా. పక్క వాటాలో ఒక ముసలావిడ ఉండేది. అందరం భూకంపం భూకంపం అంటంటే ఆవిడ సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ఎవరి బిడ్డలో పాపం, అంది. ఎవరు పోయేరో, ఎందుకు పోయేరో ఆవిడికి అప్పటికేం తెలీదు."

"ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదేంటి తాతయ్యా?"

"కథలో ఇమడలేదురా" అన్నారు.

ఈ డిసెంబర్ 4 న నేవీ డే. వైజాగ్‌లో ఉన్నవాళ్ళు బీచ్‌కి వెళ్ళండి, అక్కడ 1971 యుద్ధ విజయ స్మారకం ఉంది, చూడండి. చూశాక కాసేపు నీళ్ళ వైపు కూడా తిరగండి. మీ ఇళ్ళల్లో ఆ రాత్రి శబ్దం విన్న తాతయ్యలూ అమ్మమ్మలూ ఉంటే అడిగి రికార్డ్ చేసి పెట్టుకోండి. కథలో ఇమడని ముక్కలు కూడా అడగండి.

వచ్చే వారం కలుద్దాం.